ఎర్ర బుట్టలో పట్టని సంచులు

మా వీధిలో తడి చెత్త, పొడి చెత్త వేరుచేయడం ఇంటింటికీ తిరిగి నేర్పింది మా అక్క. చిత్తూరు కార్పొరేషన్ వాళ్ళు ఇంటికి మూడు బుట్టలు పంచిన రోజుల్లో, వాటిని ఎట్లా వాడాలో చెప్పే పని మహిళా సంఘాల్లో ఉన్న ఆడవాళ్ళకు అప్పజెప్పారు. అక్క అప్పటికే సంఘం లీడరు. ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టేది కాబట్టి వీధిలో ఆడవాళ్ళందరికీ తెలిసిన మనిషి. పొద్దున చెత్త బండి విజిల్ వినపడగానే కొంగు దోపుకుని బయటికి వచ్చేది. ఆకుపచ్చ బుట్టలో వంటింటి చెత్త. నీలం బుట్టలో కాగితాలు, అట్టలు, కవర్లు. ఎర్ర బుట్టలో పగిలిన బల్బులు, బ్లేడ్లు, వాడిన ప్యాడ్లు, కాలం చెల్లిన మందులు. ఎవరి బుట్టలోనైనా అన్నం మెతుకుల మధ్య పాల కవరు కనిపిస్తే ఆమె ఊరుకునేది కాదు. వాళ్ళ చేతే దాన్ని తీయించి, కడిగించి, నీలం బుట్టలో వేయించేది.

కొంతమందికి కోపం వచ్చేది. ఎదురింటి ఆమె మొదట్లో అందరికంటే ఎక్కువగా గొడవపడింది. వాళ్ళాయనకు మామిడికాయల మండీ ఉంది. చెత్తకు కూడా మడి కట్టించాలా అని ఆమె ఒకరోజు గేటు దగ్గర గట్టిగానే అడిగింది. అక్క నవ్వి ఊరుకుంది. మరుసటి ఎండాకాలం వాళ్ళింట్లో మామిడి తొక్కలు, టెంకలు గుట్టలుగా పడి ఈగలు ముసురుతుంటే, మిద్దెమీద పాత డ్రమ్ముకు బొక్కలు కొట్టి ఎరువు చేయడం నేర్పింది. అప్పటినుంచి వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది. సాయంత్రాలు మా వరండాలో కూర్చుని, పాత చీరలు కత్తిరించి అంగడికి తీసుకుపోయే సంచులు కుట్టేవాళ్ళు. ఆ సంచులు మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఉండేవి.

ఇంట్లో అక్కా నేనూ ఇద్దరమే. ఆమె పెళ్ళి నిలబడలేదు, నాది కుదరలేదు. నేను కోర్టు ఎదురుగా ఒక డీటీపీ సెంటర్లో టైపు చేస్తాను. పొద్దున పోతే చీకటి పడే వేళకు వస్తాను. పగలంతా అక్కకు తోడు ఆ మిషనూ, వచ్చీపోయే ఆడవాళ్ళూ. వాళ్ళలో చెత్త బండి తోసే ఆమె ఒకతి. వీధి చివరివరకూ పోయి వచ్చాక బండిని మా గేటు పక్కన ఆపి, మెట్టు మీద కూర్చుని టీ తాగేది. మా ఇంటి లోటాలోనే తాగేది. ఆమె కాంట్రాక్టు మీద పనిచేసేది. ఎప్పుడు తీసేస్తారోనని భయం. అక్క కంటే పెద్దదే అయినా అక్కను 'అక్కా' అనే పిలిచేది.

అక్కకు షుగరు చాలా కాలంగా ఉంది. బీపీ తర్వాత వచ్చింది. కాళ్ళు వాస్తున్నాయంటే మిషను తొక్కడం వల్లేనని ఇద్దరమూ అనుకున్నాం. తిరుపతికి తీసుకుపోయేసరికి రెండు కిడ్నీలూ పాడైపోయాయని చెప్పారు. రక్తం శుద్ధి చేసే మిషను కోసం చేతిలో రెండు నరాలు కలిపారు. అది పనిచేయలేదు. రెండో చేతికి చేశారు, అదీ మూసుకుపోయింది. చివరికి డాక్టరు పొట్ట ద్వారా ఇంట్లోనే చేసుకునే పద్ధతి చెప్పాడు.

పొట్టలోకి ఒక సన్నటి గొట్టం పెట్టారు. పెద్ద ప్లాస్టిక్ సంచిలో మందునీళ్ళు ఉంటాయి. వాటిని ఆ గొట్టం గుండా లోపలికి ఎక్కించాలి. కొన్ని గంటలు ఉంచి, ఒంట్లోని మలినం పట్టిన ఆ నీళ్ళను ఇంకో సంచిలోకి దించేసి, మళ్ళీ కొత్తవి ఎక్కించాలి. రోజుకు నాలుగుసార్లు. నేనూ అక్కా ఆసుపత్రిలో నర్సు దగ్గర నేర్చుకున్నాం. చేతులు మోచేతుల దాకా కడుక్కోవడం, మూతికి గుడ్డ కట్టుకోవడం, ఫ్యాను ఆపి తలుపులు మూసుకోవడం. ఏమాత్రం ఏమరినా పొట్టలో చీము పడుతుందని నర్సు భయపెట్టింది. పొద్దున, సాయంత్రం, పడుకునే ముందు నేను దగ్గరుండేదాన్ని. మధ్యాహ్నానిది అక్క తనంతట తానే చేసుకునేది.

నెల మొదట్లో వ్యానులో అట్టపెట్టెలు వచ్చేవి. ముందుగదిలో మిషను పక్కన గోడ ఎత్తున పేర్చుకునేవాళ్ళం. అట్టపెట్టెలతో చిక్కు లేదు, పాత సామాన్లవాడు తీసుకుపోయేవాడు. చిక్కంతా సంచులతోనే. ఒక్కసారి నీళ్ళు మార్చితే ఒక నిండు సంచి ఖాళీ అయ్యేది, ఒక ఖాళీ సంచి నిండేది, వాటికి గొట్టాలు, పైన చుట్టిన మందపాటి కవరు, బిరడాలు. నీళ్ళు లెట్రిన్లో పోసేవాళ్ళం. ప్లాస్టిక్కు మిగిలేది. మొదటి వారంలోనే ఎర్ర బుట్ట మూత పడలేదు.

అక్క ఆ బుట్టను చాలాసేపు చూసింది. మందునీళ్ళు పొట్టలో పడ్డ రోజు కూడా ఆమె మొహం అంతగా వాడిపోలేదు.

ఇవి ఎవరికి ఇవ్వాలో కనుక్కోమని నన్ను పంపింది. వార్డు సచివాలయంలో అడిగితే, అది ఆసుపత్రి చెత్త కాబట్టి ఇంటి చెత్తలో తీసుకోరన్నారు. ఆసుపత్రిలో అడిగితే, ఇంట్లో పుట్టింది ఇంటి చెత్తేనన్నారు. పాత సామాన్లవాడు ఒక సంచిని వేళ్ళతో నలిపి చూసి, వాసన చూసి, వద్దని తిరిగిచ్చేశాడు. నేను కోర్టు దగ్గర ఇన్నేళ్ళుగా అర్జీలు టైపు చేస్తున్నదాన్ని. ఒక అర్జీ టైపు చేసి కార్పొరేషన్లో ఇచ్చాను. దానికి జవాబు రాలేదు.

చివరికి చెత్త బండి ఆమే తీసుకుంటానంది. అక్క వద్దనలేకపోయింది. కానీ ఊరికే ఇవ్వలేదు. ప్రతి సంచినీ సబ్బునీళ్ళతో కడిగి, మిద్దెమీద తాడుకు ఆరేసి, మడతలు పెట్టి, జాకెట్లు కుట్టగా మిగిలిన పీలికలతో చిన్న చిన్న కట్టలు కట్టి ఇచ్చేది. ఎంతో నీరసంగా ఉన్న రోజు కూడా ఆ పని మానలేదు. నేను చేస్తానంటే ఒప్పుకునేది కాదు. మిద్దెమీద ఆ సంచులు ఎండకు మెరుస్తూ ఊగుతుంటే ఎదురింటి ఆమె తమ మిద్దె మీది నుంచి చూసేది.  తర్వాత పిల్లలు భయపడుతున్నారు, కొంచెం అటు గోడవైపు ఆరేసుకోమని మెల్లగా చెప్పి పోయింది. అక్క తాడును వెనకవైపుకు మార్చింది. కాలం గడిచేకొద్దీ ఎదురింటి ఆమె మా వరండాలో కూర్చోవడం తగ్గించింది. మిషను పక్కనే అట్టపెట్టెలు, మందు వాసన. జాకెట్లు ఇచ్చేవాళ్ళు కూడా తగ్గిపోయారు. ఎవరూ పోట్లాడలేదు. ఇంకో దర్జీని చూసుకున్నారు, అంతే.

ఆ ఏడు కార్తీకమాసంలో తుఫాను పట్టింది. రెండు రోజులు తెరిపి లేకుండా కురిసింది. నీవా ఏటి వైపు పోయే మా వీధి కాలువ పొంగి, పల్లంలో ఉన్న ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. ఎదురింట్లో మోకాలి లోతు నిలిచాయి. వాన కాస్త తగ్గిన పొద్దున కార్పొరేషన్ వాళ్ళు వచ్చి కల్వర్టు కింద గడ్డపారలతో పొడిచారు. లోపలినుంచి మట్టి, కొమ్మలు, సీసాలు వచ్చాయి. వాటి వెనకే మా సంచుల కట్టలు వచ్చాయి. ఒకటి, రెండు కాదు. లాగేకొద్దీ వస్తూనే ఉన్నాయి. కొన్ని విడిపోయి నీళ్ళమీద తేలాయి. కొన్ని కట్టినవి కట్టినట్టే ఉన్నాయి, ఎర్ర పీలిక, నెమలికంఠం రంగు పీలిక, పసుపు పీలిక. ఆ రంగులు చూసి ఎవరి జాకెట్టు ముక్క ఏదో చెప్పగలిగినవాళ్ళు అక్కడే నిలబడి ఉన్నారు.

శానిటరీ ఇన్‌స్పెక్టరు ఇవి ఏ ఇంటివని అడిగాడు. కొందరు మా గేటు వైపు చూశారు. నేను అక్కను లోపలే ఉండమని చెప్పి వచ్చాను. ఆమె ఉండలేదు. గోడ పట్టుకుని, నైటీ మీద తువ్వాలు కప్పుకుని, బురదలో అడుగులు వేసుకుంటూ వచ్చింది.

"నావే సార్," అంది. "నా పొట్టలోనించి దించిన నీళ్ళ సంచులు. కడిగే ఇచ్చినా."

"ఇచ్చింటే ఈడికెట్లా వచ్చినాయి?"

చెత్త బండి ఆమె ఆ కాలువలోనే ఉంది. నడుము దాకా తడిసి, చేతిలో గంప పట్టుకుని ఉంది. ఆమె తలెత్తలేదు.

"నేనే పెట్టినా సార్," అంది. "పెద్ద బండోళ్ళు ఎక్కించుకోలేదు. ఆస్పత్రివి, మాకొద్దు అన్నారు. వెనక్కి తెచ్చిచ్చేదానికి మనసు రాలేదు. ఎండాకాలం ఎండిపోయిండే కాలవ కదా అని కల్వట్టు కింద పెడతా వచ్చినా."

అక్క ఆమె వైపు చూసింది. నిజం ఆమెకు అప్పుడే తెలిసింది. ఇన్ని నెలలూ తన సంచులు ఎక్కడో ఒక పద్ధతి ప్రకారం పోతున్నాయనే నమ్మింది. నేనూ అదే నమ్మాను.

ఎదురింటి ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గడపలో నిలబడి ఉంది. లోపల పరుపులు, బీరువా, అన్నీ నానిపోయాయి. ఆమె గొంతు పెంచలేదు.

"ఊరికంతా నేర్పించినావు గదమ్మా," అంది. "నీ ఇంటిది మాత్రం మా ఇంట్లోకి తోలినావు."

అక్క ఇన్‌స్పెక్టరు వైపే తిరిగి, కాలువలో ఉన్న ఆయమ్మను ఏమీ అనొద్దని, ఇచ్చింది తానేనని, ఏదైనా రాసుకోవాలంటే తన పేరు రాసుకోమని చెప్పింది. ఆయన మంచివాడే. తలాడించాడు. కానీ వారం తిరక్కముందే చెత్త బండికి వేరే మనిషి వచ్చింది. పాతామెను ఊరి బయట డంపింగ్ యార్డులో చెత్త ఏరే పనికి మార్చారని తెలిసింది.

నేను ఆసుపత్రికి పోయి నర్సును బతిమాలుకున్నాను. ఆమె పెద్దవాళ్ళతో మాట్లాడి, నెలనెలా చూపించుకోవడానికి వచ్చేటప్పుడు సంచులు తెచ్చి ఇస్తే, ఆసుపత్రి వాటితో కలిపి పంపిస్తామంది. అప్పటినుంచి తిరుపతి బస్సెక్కినప్పుడల్లా మాతో రెండు పెద్ద గోనెసంచులు. ఒకసారి కండక్టరు లోపల ఏముందని అడిగాడు. ఖాళీ సంచులన్నాను. వేలు పెట్టి చూసి, గొట్టాలు కనిపించి, వీటిని వెనక చివరికి తీసుకుపొమ్మన్నాడు. పక్క సీటులో ఉన్నవాళ్ళు లేచి ముందుకు పోయారు. అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పూతలపట్టు దాటేవరకూ ఇటు తిరగలేదు.

యార్డుకు మారిన ఆమె ఒక ఆదివారం మధ్యాహ్నం అక్కను చూడటానికి వచ్చింది. బాగా చిక్కిపోయింది. మాటకు ముందు దగ్గు వస్తోంది. అక్కడ చెత్త ఎప్పుడూ ఎక్కడో ఒకచోట పొగలేస్తూనే ఉంటుందట. అక్క ఆమె చెయ్యి పట్టుకుని, నా వల్ల నీకీ గతి పట్టిందే అని ఏడ్చింది.

"ఏంటికక్కా ఏడ్సేది," అంది ఆమె. "నీకు రోగమొస్తే నువ్వేం జేస్తావు? ఆడికి వచ్చేటివి సూస్తే నీవి ఏమూలకు? ఊరంతా వేసిందంతా ఆడికే వస్తాది. వేరుచేసిండేది, చెయ్యనిది, అన్నీ ఒకే కుప్పే."

ఆమె అక్కకు ధైర్యం చెప్పాలనే ఆ మాట అంది. అక్క ఏడుపు ఆపింది. "అన్నీ ఒకే కుప్పేనా?" అని అడిగింది. ఆమె కాస్త తడబడి, అట్టలు, సీసాలు తాము ఏరుతామని, మిగిలిందంతా కుప్పకే పోతుందని చెప్పింది. టీ తాగి, లోటా కడిగి పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత అక్క వీధిలోకి వచ్చి ఎవరి బుట్టా చూడలేదు. విజిల్ వినపడితే నేనే బుట్టలు బయట పెట్టేదాన్ని.

చలికాలం చివర్లో ఆమె కాళ్ళు మళ్ళీ వాచాయి. మొహం ఉబ్బింది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదని దిండ్లకు ఆనుకుని కూర్చునేది. ఉప్పు తింటున్నావా, నీళ్ళు ఎక్కువ తాగుతున్నావా అని నేను అడుగుతూ వచ్చాను. ఆ నెల వ్యాను వచ్చినప్పుడు కొత్త పెట్టెలు పెట్టడానికి చోటు చాలలేదు. పాతవి ఇంకా తెరవకుండా మిగిలి ఉన్నాయి. వ్యానువాళ్ళు పోయిన నెల ఎక్కువ పెట్టెలు దించి ఉంటారులే అనుకున్నాను. అక్కను అడిగితే ఆమె కూడా అట్లాగే అంది.

తిరుపతిలో డాక్టరు రక్తపరీక్ష కాగితాలు చూసి, రోజుకు ఎన్నిసార్లు నీళ్ళు మారుస్తున్నారని నన్ను అడిగాడు. నేను చెప్పాను. ఆయన అక్క వైపు చూశాడు.

"మధ్యానం పూట మానేసినా సార్," అంది అక్క. "ఒక్కోసారి పొద్దుటిది గూడా, మా చెల్లెలు పనికి పోయినాక నేనే చేసుకుంటానని చెప్పి, గొట్టం మూసేసి ఊరికే ఉంటా వచ్చినా."

ఆయన ఎందుకని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. ఆయన ఇంకో పేషెంటును చూడాల్సి ఉంది. అక్కను వెంటనే చేర్చమని రాసిచ్చాడు. వరండాలోకి వచ్చాక నేను అడిగాను.

"ఇంటింటికీ పోయి తగ్గించండి, తగ్గించండి అని చెప్పినదాన్ని," అంది. "నా చేతిలో తగ్గించేదానికి ఇదొకటే అగుపడింది. నిన్ను ఆ మూటల్తో బస్సులో సూడలేకపోతా ఉండా."

నేను ఆమెను తిట్టాను. వరండాలో అంతమంది చూస్తుండగా చిన్నపిల్లను తిట్టినట్టు తిట్టాను. మూటలు మోయడం నాకు కష్టమని ఎప్పుడైనా చెప్పానా అని అరిచాను. ఆమె తల వంచుకుని విన్నది. తర్వాత తన సంచిలోంచి రుమాలు తీసి నాకు ఇచ్చింది. అది కూడా ఆమె కుట్టిందే, ఎవరిదో పాత పంచె ముక్క.

ఇక పొట్ట పద్ధతి చాలదన్నారు. మెడ దగ్గర గొట్టం వేసి, మిషను మీద రక్తం శుద్ధి చేయడం మొదలుపెట్టారు. వారానికి మూడుసార్లు మేము తిరుపతికి పోవాలి. మిషను పక్కన మంచం మీద పడుకుని ఆమె నర్సులు గొట్టాలు, సూదులు, సీసాలు ఏ రంగు డబ్బాలో వేస్తున్నారో చూసేది. ఒకసారి పసుపు డబ్బా నిండి, సిస్టరు వాటిని పక్కనున్న మామూలు డబ్బాలో తోసింది. అక్క చెయ్యి ఎత్తబోయి, మళ్ళీ దించేసింది. చెప్పే ఓపిక లేదో, చెప్పడం అనవసరం అనుకుందో, నేను అడగలేదు.

ఎండలు ముదరకముందే ఆమె పోయింది. ఆసుపత్రిలోనే, మిషను మీద ఉండగా బీపీ పడిపోయి. నేను కిందికి కాఫీకి పోయి ఉన్నాను. వచ్చేసరికి తెర లాగేశారు.

ఎదురింటి ఆమె వచ్చింది. పొయ్యి వెలిగించకూడదని అన్నం వండి పంపింది. శవాన్ని ఎత్తేముందు అక్క మొహానికి పసుపు రాసింది ఆమే. రాస్తూ ఏదో గొణిగింది. నాకు వినపడలేదు, అడిగే ధైర్యమూ లేకపోయింది. యార్డు ఆమెకు కబురు ఎవరూ చెప్పలేదు. నాకు గుర్తొచ్చేసరికి అన్నీ అయిపోయాయి. కొన్నాళ్ళకు వెతుక్కుంటూ పోతే, దగ్గు ఎక్కువై పని మానేసి సొంత ఊరికి పోయిందని చెప్పారు. ఏ ఊరో వాళ్ళకు తెలియదు.

ముందుగదిలో తెరవని పెట్టెలు అట్లాగే ఉండిపోయాయి. కంపెనీ వాళ్ళు ఒకసారి దించినవి వెనక్కి తీసుకోరట. పారేద్దామంటే నిండు సంచులు. నర్సుకు ఫోన్ చేస్తే, పలమనేరు దగ్గర పల్లెలో ఒకామెకు కొత్తగా ఇదే పద్ధతి మొదలుపెట్టారని, వాళ్ళకు ఇవ్వమంది. ఆమె కొడుకు ఆటో మాట్లాడుకుని వచ్చాడు. నాలుగు పదుల మనిషి, సేద్యం చేసుకునేవాడు. పెట్టెలు మోసి, ఎక్స్‌పైరీ తేదీలు చూసుకుని, నాకు దండం పెట్టి పోయాడు. పెట్టెలు పోయాక గోడకు చెమ్మ మరక ఒకటి బయటపడింది. మిషను మీద అక్క సగం కుట్టిన సంచి అట్లాగే ఉంది. నేను దాన్ని పూర్తి చేయలేదు. నాకు కుట్టు రాదు.

నెల తర్వాత పెట్టెలు తీసుకుపోయిన ఆయన ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ బాగానే ఉందన్నాడు. నీళ్ళు తానూ తన భార్యా మారుస్తున్నామన్నాడు. 

"అమ్మా, ఆ ఖాళీ సంచులు మీరేం జేసేటోళ్ళు?" అని అడిగాడు. "కుప్పగా పడిపోయిండాయి. కాల్చేద్దామంటే మా పక్కింటోళ్ళు ఒప్పుకోలేదు. వంకలో పోస్తే గొడ్లు తాగే నీళ్ళు."

కడిగి, ఆరబెట్టి, మడిచి, తిరుపతికి వచ్చేటప్పుడు గోనెసంచిలో తెచ్చి నర్సుకు ఇవ్వమని చెప్పాను.

"ఆ సిస్టరు ఇప్పుడు లేదంట గదమ్మా. నేను తీసుకోనిపోయినా. ఆడుండేటోళ్ళు తీసుకోలేదు."

సచివాలయంలో అడగమని చెప్పాను. అర్జీ కావాలంటే టైపు చేసి పంపుతానన్నాను. ఆయన సరేనన్నాడు. పేరు, ఊరు, ఇంటి నంబరు చెప్పాడు. మరుసటి రోజు డీటీపీ సెంటర్లో కూర్చుని, అక్కకోసం ఒకప్పుడు రాసిన అర్జీనే తెరిచి, పేరు మార్చి, ఊరు మార్చి, ప్రింటు తీసి, ఆయనకు పంపాను.